నిలబెట్టిన ఇటుకలు

కొండదారి ఇల్లు, కిటికీ పక్క బల్ల
నవంబరు 9

సూదీ,

నాన్న తేనెటీగల పెట్టెలు పంచిన రోజు నువ్వు నా ఎదుట నిలబడి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నిలబెట్టిన ఇటుక ఉన్న పెట్టె నేను ముట్టుకోను అన్నయ్యా." నీకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ మాట సరిగ్గా రెండు వేసవులు నిలబెట్టుకున్నావు. నలభై ఒక్కేళ్ల కింద, నేను ప్రెస్సు పని మీద పది రోజులు ఇంట్లో లేనప్పుడు, గోడ మూలన ఉన్న పెట్టె తెరిచావు. నాన్న ఈగల వంశంలో మిగిలిన ముసలి రాణిని రెండు వేళ్ల మధ్య నలిపేసి నీ రాణిని పెట్టి వెళ్లావు. అడిగితే ఇటుక పక్కకి తిరిగి ఉందన్నావు. నేను నిలబెట్టి వెళ్లిన ఇటుక దానంతటది పక్కకి తిరుగుతుందా? ఆ ఏడు నుంచీ నా ఈగలు నీ కోపంతోనే కుడుతున్నాయి.

వయసు మీద పడి నాన్న పద్ధతి మరిచిపోయి ఉంటావేమో, గుర్తుచేస్తాను. పెట్టె మూత మీద ఇటుక పడుకుని ఉంటే లోపల అంతా సవ్యం. పక్కకి తిప్పి అంచు మీద పెడితే ఏదో తేడా ఉంది, తెరిచి చూడాలి. నిలువుగా నిలబెడితే లోపల మందు ఉంది, ఎవరూ ముట్టుకోకూడదు. నాన్న మనిద్దరితో నోరు తెరిచి మాట్లాడిన మాటలకంటే ఇటుకలతో చెప్పినవే ఎక్కువ.

ఇక విషయం. నా పన్నెండు పెట్టెల్లో పదకొండు చచ్చాయి.

తుంటి ఆపరేషన్ తర్వాత మొన్న అయిదో తారీఖున మొదటిసారి నడక బండి పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఎండ బాగానే ఉంది. ఒక్క ద్వారం దగ్గర కూడా కదలిక లేదు. ఎదురింటి గడియారాల మెకానిక్‌ని పిలిచి మూతలు తీయించాను. బతికున్న ఈగంటే ఆయనకి హడలు, చచ్చినవాటి దగ్గర మాత్రం మహా ధైర్యవంతుడు. పై చట్రాల నిండా తేనె, మైనం మూతతో సహా, ముట్టనైనా ముట్టలేదు. కింద ఈగల్లేవు. నాలుగో పెట్టెలో రాణి చుట్టూ గుప్పెడు మిగిలాయి, అవీ చట్రాన్ని పట్టుకుని అలాగే బిగుసుకుపోయాయి. తిండి మధ్యలో చచ్చిపోయాయి సూదీ. ఆకలికి చచ్చినవైతే నన్ను నేను తిట్టుకునేవాణ్ని.

మూల పెట్టె ఒక్కటే బతికి ఉంది. చెక్కకి చెవి ఆనిస్తే లోపల సన్నటి రొద వినిపించింది.

నేను ఆసుపత్రిలో ఉండగా, ఆగస్టు పధ్నాలుగున, నువ్వు నా కంచె దగ్గర నిలబడి ఉండడం గడియారాల మనిషి చూశాడు. భుజాన సంచీ కూడా ఉందట. ఏం చేశావు? ఏం చల్లావు? ఫోన్ చేయకు. నీ గొంతు వింటే నేను మెత్తబడతానని నీకు తెలుసు. ఉత్తరం రాయి.

అన్న


కుట్టు దుకాణం, కింది బజారు
నవంబరు 13

నిఘంటువుగారికి,

పదకొండు పెట్టెలు పోయాయని చదివి కత్తెర పక్కన పెట్టేశాను. ఆ పూట ఇంక పని చేయలేదు. అవి నీవైనా, అంతకు ముందు నాన్నవి. ఈ మూడు వాక్యాలూ నీకు కాదు, ఈగలకి.

ఇప్పుడు నీకు. అవును, వచ్చాను. నీ కూతురు ఫోన్ చేసి "అత్తా, నాన్నకి ఆపరేషన్ అయ్యింది, నెలన్నర లేవకూడదట" అంటే వచ్చాను. ఏమీ చల్లలేదు. చల్లాలనుకుంటే ఈగల మీద ఎందుకు చల్లుతాను, నీ అరుగు మీద కూచుని నీ నెత్తిమీదే చల్లేదాన్ని.

నేనడిగిన దానికి సమాధానం రాయి. ఈ ఏడు నల్లికి మందు పట్టీలు ఎప్పుడు పెట్టావు? తేదీ కావాలి. చలికాలం దాటించాల్సిన ఈగలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పుడతాయి. వేసవి ఈగ ఆరు వారాలు బతికితే చాలు, ఇది ఆరు నెలలు బతకాలి. ఆ సమయంలో ఎర్ర నల్లి ఈగ పిల్లల రక్తం పీలిస్తే ఆ పిల్ల పుట్టుకతోనే ముసలిది. చలి మొదలవగానే ఒక్కొక్కటే బయటికెళ్లి చస్తుంది. పెట్టె ఖాళీ అవుతుంది, తేనె అలాగే ఉంటుంది. నువ్వు రాసిందంతా అచ్చం అదే.

నాలుగో పెట్టెలో చచ్చినవాటిని ఒక అగ్గిపెట్టెలో వేసి పంపించు. చూసి చెప్తాను.

చెల్లెలు


కొండదారి ఇల్లు, కిటికీ పక్క బల్ల
నవంబరు 17

సూదీ,

నాకు ఈగల పాఠం చెప్పేంత దానివయ్యావన్నమాట. రెండు వేల ఏళ్ల పాటు మహా మహా పండితులు పెట్టెలోని రాణిని రాజు అనుకున్నారు. ఆ పొరపాటు ఎలా పుట్టింది, ఎవరు దిద్దారు, ఎవరు దిద్దనివ్వలేదు అన్నది నేను మూడు భాషల్లో చదివాను. నువ్వు చదివింది బట్టల కొలతల పుస్తకం ఒక్కటే. అగ్గిపెట్టె పంపించాలట! నా దగ్గర భూతద్దం లేదా? ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దిన అద్దం అది. అచ్చులో చిన్న చుక్క తప్పిపోయినా పట్టుకునేది.

చూశాను. రెక్కలు ముడతలు పడి, చేతిలో నలిపేసిన కాగితంలా ఉన్నాయి. పొట్టలు కుంచించుకుపోయాయి. అడుగుపలక మీద ఎర్ర నల్లులు రాలి ఉన్నాయి, ఆవాలు ఒలికినట్టు. లెక్కపెట్టడం మానేశాను. కాబట్టి నల్లే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ నల్లి ఎక్కడిది? కొండకి ఈ వైపున నావి తప్ప పెట్టెల్లేవు. కిందనుంచి ఎగిరొచ్చేవి నీ ఈగలే. దొంగతనం మీ వైపు ఈగలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకొకటి. ఏమీ చల్లలేదన్నావు. పోనీ, నమ్మానే అనుకో. మరి కంచె దాకా వచ్చినదానివి ఏం చూశావు? చూసి ఎందుకు వెళ్లిపోయావు? అన్నయ్య మంచం మీద ఉన్నాడు, ఆగస్టు నెల, సంచీలో మందు ఉండే ఉంటుంది, మందు లేకుండా నీ సంచీ ఉండదు. కంచె దగ్గర నిలబడి, చేతులు దులుపుకుని తిరిగి వెళ్లిన మనిషి నాకు ఉత్తరంలో ఈగల వయసులు చెప్తోంది. సిగ్గుండాలి.

అన్న


కుట్టు దుకాణం, కింది బజారు
నవంబరు 21

నిఘంటువుగారికి,

రాణిని రాజనుకున్న పండితులందరూ బాగా చదువుకున్నవాళ్లే అనుకుంటాను. దర్జీలైతే అనుకుని ఉండరు. ఎవరి నడుము ఎంతో మాకు చూడగానే తెలుస్తుంది.

ఎందుకు వెళ్లిపోయానని అడిగావు కాబట్టి చెప్తున్నాను. చెప్పకూడదనుకున్నాను, అడిగావు.

సంచీలో పన్నెండు పెట్టెలకి సరిపడా పట్టీలు తెచ్చాను. పొగడబ్బా, చేతి తొడుగులు కూడా. పెరటి తలుపు తీసి చూశాను. పదకొండు ఇటుకలు నిలబడి ఉన్నాయి. పదకొండూ. సైనికుల్లాగా. లోపల మందు ఉందన్నమాటే కదా? నాకు ముచ్చటేసింది కూడా. ఆ తుంటితో కుంటుకుంటూ, ఆసుపత్రికి వెళ్లే ముందు అన్నిటికీ మందు పెట్టి వెళ్లాడు, మొండివాడే గాని పని తప్పేవాడు కాదు అనుకున్నాను. అక్కడే నిలబడి పైకే అన్నాను. గడియారాలాయనకి వినపడి ఉంటే అడుగు.

మూల పెట్టె మీద ఇటుక మాత్రం పక్కకి తిరిగి ఉంది. అంటే చూడాలని అర్థం. చూశాను. పైనున్న తేనె పెట్టె దించాను, నా నడుము ఇప్పటికీ ఆ మాట గుర్తుచేస్తుంది. లోపల మందు లేదు. పిల్లల గూళ్లలో నల్లి మొదలైంది. రెండు పట్టీలు వేలాడదీసి, మూసి, నాన్న పద్ధతి ప్రకారం ఇటుక నిలబెట్టాను. ఆ మూత వాలుగా ఉంది, ఇటుక ఊగుతోంది. కింద ఒక గులకరాయి ఇరికించాను. వెళ్లి చూసుకో, తెల్ల రాయి.

నీ పన్నెండింట్లో బతికిన ఒక్క పెట్టె నేను తెరిచిందే అన్నయ్యా.

నలభై ఒక్కేళ్ల కింద కూడా ఆ ఇటుక పక్కకే ఉంది. లోపల రాణి పూర్తిగా ఎండిపోయి, గుడ్లు పెట్టడం మానేసింది. నువ్వు రావడానికి ఇంకా వారం ఉంది. నేను మాట తప్పలేదు. నువ్వు నమ్మలేదు. నా పెళ్లి పందిట్లో కూడా నాతో మాట్లాడలేదు.

మందు ఎప్పుడు పెట్టావని అడిగాను. నువ్వు రాజుల సంగతి రాశావు, దొంగల సంగతి రాశావు, తేదీ రాయలేదు. మళ్లీ అడుగుతున్నాను. పదకొండు ఇటుకలు నిలబడి ఉంటే పదకొండు పెట్టెల్లో మందు ఏమైంది?

చెల్లెలు


కొండదారి ఇల్లు
నవంబరు 24

నా పెరట్లోకి అడుగు పెట్టే హక్కు నీకెవరిచ్చారు? నా పెట్టె తెరిచే హక్కు ఎవరిచ్చారు? నలభై ఒక్కేళ్ల కింద చేసిన పనే మళ్లీ చేసి, పైగా ప్రాణదాతలా పోజు పెడుతున్నావు. నీ గులకరాయి చూశాను. దాన్ని తీసి కంచె అవతలికి విసిరేశాను.

ఇటుకల సంగతి ఇంక ఎత్తకు. నేను ఎవరికీ తేదీలు అప్పజెప్పనక్కర్లేదు. ఈ ఉత్తరాలు ఇంతటితో ఆపుదాం.


కుట్టు దుకాణం, కింది బజారు
నవంబరు 29

అన్నయ్యా,

నీ కూతురు నిన్న దుకాణానికి వచ్చింది. నువ్వు పంపలేదని తెలుసు. కోటు పొడుగు తగ్గించాలని వంక పెట్టుకుని వచ్చింది. ఆ కోటు తగ్గిస్తే మోకాళ్ల పైకి వస్తుంది, అయినా పిన్నులు పెడుతూ కూచున్నాను. చివరికి చెప్పింది. "అత్తా, నాన్న అలమారలో పుస్తకాల వెనక మందు పొట్లం ఉంది. సీలు కూడా తీయలేదు. జూలైలో వచ్చింది. నాన్నని అడిగితే పుస్తకం మూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు."

నోట్లో పిన్నులుండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్ల ముందు నిన్ను ఏమనేదాన్నో.

మందు పెట్టలేదు. పెట్టకుండానే ఇటుకలు నిలబెట్టావు. ఎందుకో నాకు తెలీకపోలేదు. నువ్వు లేనప్పుడు సూది వచ్చి మూతలు ఎత్తకూడదు, అంతే కదా? నాన్న నేర్పిన భాషలో, ఇద్దరమే మిగిలిన ఆ భాషలో, నాకు అబద్ధం చెప్పావు. పదకొండు సార్లు చెప్పావు. పదకొండు సార్లూ నేను నమ్మాను. పన్నెండోసారి చెప్పినదాన్ని గాలి పక్కకి తిప్పేసింది కాబట్టి ఆ ఒక్కటీ బతికింది. నేను రెండు వారాలుగా నా ఈగలేమైనా నీ వైపు నల్లి మోసుకొచ్చాయేమోనని రోజూ అడుగుపలకలు గీకి చూసుకుంటున్నాను. నాకు బుద్ధి లేదు.

నిన్ను క్షమించానని రాయను. అది నాకు ఇష్టం లేదు.

ఇక మూల పెట్టె. కోపం పక్కన పెట్టి చదువు. ఆ పట్టీలు పెట్టి పదిహేను వారాలయ్యింది. ఎనిమిది వారాలకే తీసేయాలి. నువ్వు సెప్టెంబరు చివర్లోనే ఇంటికొచ్చి కిటికీ దగ్గర కాపలా కూచున్నావు కాబట్టి నేను రాలేకపోయాను. ఇంకా ముఖ్యం, పైనున్న తేనె పెట్టె తీసేయాలి. అంత పెద్ద ఖాళీని ఆ కాసిని ఈగలు వెచ్చబెట్టలేవు. వేడంతా పైకి పోయి, తడి మూతకి పట్టి, చుక్కలుగా మీద పడుతుంది. చలికంటే తడి త్వరగా చంపుతుంది. ఎండ ఉన్న ఒక మధ్యాహ్నం, పావుగంట పని. నీ కూతురికి ఈగ కుడితే ఊపిరాడదు, గడియారాలాయన సంగతి నువ్వే రాశావు. నీ వల్ల కాదు.

చెక్క మీద వేలితో ఒకసారి తట్టి చెవి పెట్టు. రొద లేచి వెంటనే తగ్గిపోతే పరవాలేదు. మూలిగినట్టు చాలాసేపు సాగితే సమయం లేదు.

నేను పిలవకుండా రాను. ఈసారి మాత్రం రాను. నాకు చెప్పి పిలవాలి.

చెల్లెలు


కొండదారి ఇల్లు, కిటికీ పక్క బల్ల
డిసెంబరు 4

సూదీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ప్రూఫులు దిద్దేవాడికి తన రాత చదువుకోవడం కంటే నరకం లేదు.

నిన్న తట్టి చూశాను. రొద లేచింది. సాగింది. నేను గడియారం చూస్తూ ముప్పై వరకు లెక్కపెట్టాను, ఇంకా సాగుతూనే ఉంది. ఆసుపత్రిలో నా పక్క మంచం మీది ముసలాయన ఇలాగే మూలిగేవాడు.

ఒక విషయంలో నువ్వు పొరబడ్డావు. సూది మూతలు ఎత్తకూడదని ఇటుకలు నిలబెట్టానన్నావు. అది సగమే. ఆగస్టు పదో తారీఖున, ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు, మందు పొట్లం జేబులో పెట్టుకుని మొదటి పెట్టె దగ్గరికి వెళ్లాను. మూత తీశాను. తేనె పెట్టె పట్టుకుని ఎత్తాను. లేవలేదు. మళ్లీ ఎత్తాను. వేలి మందం లేచి మళ్లీ కూలబడింది, నేనూ దానితోపాటు గడ్డిలో కూలబడ్డాను. పదిహేనేళ్లప్పటి నుంచి ఎత్తుతున్న బరువు. ఈగలు కుట్టనైనా కుట్టలేదు. నా చుట్టూ తిరిగి చూసి పోయాయి. లేవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. నేను ఎత్తలేకపోయానని సూదికి తెలియకూడదు. ఇటుకలు పడుకుని ఉంటే నువ్వు వచ్చి తెరుస్తావు. తెరిస్తే మందు లేదని చూస్తావు. చూస్తే ఎందుకు లేదో నిమిషంలో ఊహిస్తావు. ఎవరి నడుము ఎంతో నీకు చూడగానే తెలుస్తుంది కదా. అందుకని చేతికర్ర పట్టుకుని ఒక్కొక్క పెట్టె దగ్గరికీ వెళ్లి పన్నెండు ఇటుకలూ నిలబెట్టాను. ఇటుక బరువు నేనింకా ఎత్తగలను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎలాగో చూసుకుందామనుకున్నాను. ఆ నెలన్నరలోనే అన్నీ అయిపోయాయి.

నీ ఈగలు దొంగలు కావు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ గులకరాయి విసిరేయలేదు. అది కూడా అబద్ధమే. బల్ల మీద, సిరాబుడ్డి పక్కన ఉంది.

ఇంకొకటి రాయాలి, చేతికి రావడం లేదు. రాయి తీసేశాక మూల పెట్టె మీద ఇటుకని మామూలుగా నిలబెట్టి, కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. మొదటి రోజు నిలబడే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం గాలి కొండ మీంచి దిగి గోడకి కొట్టుకుని ఆ మూలన వెనక్కి తిరిగింది. ఇటుక ఊగి, గోడకి ఆనుకుని, పక్కకి తిరిగి అంచు మీద కుదురుగా నిలిచిపోయింది. ఎవరో చేత్తో పెట్టినట్టు. మళ్లీ నిలబెట్టాను. నాలుగో రోజు మళ్లీ అంతే. నలభై ఒక్కేళ్ల కింద కూడా ఆ పెట్టె ఆ మూలనే, ఆ గోడకే ఉండేది. నీ పెళ్లి పందిట్లో నేను చివరి వరసలో కూచుని భోజనం చేయకుండానే లేచి వచ్చాను. అక్కడి నుంచి లెక్క వేసుకుంటూ కూచున్నాను, ఎన్ని మాటలు మాట్లాడుకోలేదో. లెక్క తేలలేదు.

నాకు చెప్పి పిలవాలన్నావు. డెబ్బై ఒకటో ఏట నాకు అది కొత్తగా రాదు. కాబట్టి ఈ రోజు పొద్దున్న పెరట్లోకి వెళ్లి మూల పెట్టె మీద ఇటుకని నా చేత్తో పక్కకి తిప్పి పెట్టాను. గాలి కాదు, నేనే. దాని అర్థం నీకు తెలుసు, నీకు మాత్రమే తెలుసు. గురువారం ఎండ కాస్తుందని రేడియోలో చెప్పారు. పెరటి తలుపు గడియ తీసి ఉంటుంది. తేనె పెట్టె దించేటప్పుడు ఒక పక్క నేను పట్టుకుంటాను. పట్టుకున్నట్టు నటిస్తాను. నువ్వు చూడనట్టు నటించు.

ఇంత ఒప్పుకున్నాను కదా, అన్నయ్య మారాడని సంబరపడకు. మిగతా పదకొండు పెట్టెల సంగతి నేను రోజూ ఆలోచిస్తున్నాను. అబద్ధం నాది. పొట్లం నాది. కానీ నలభై ఒక్కేళ్లుగా నువ్వు మాట తప్పే మనిషివని నేను గట్టిగా నమ్ముకుని బతికాను. ఆ రోజు సంచీలో మందు పెట్టుకుని, పొగడబ్బా చేత పట్టుకుని నా పెరట్లో నిలబడ్డావు. నా మాట ఏనాడూ నమ్మని దానివి, నేను నిలబెట్టిన పదకొండు ఇటుకలని చూసి నమ్మేశావు. ఒక్క మూత ఎత్తి చూడలేదు. ముచ్చటేసిందట! నువ్వు మాట తప్పాల్సిన రోజు అదొక్కటే వచ్చింది, ఆ రోజే నిలబెట్టుకున్నావు.

అందుకని, నాన్నని కాదు, గాలిని కాదు, తుంటిని కాదు. ఆ పదకొండు పెట్టెలు పోయినందుకు నేనింకా తప్పుపట్టేది నిన్నే, చెల్లీ.